తలమీద చెయ్యి పెట్టుకొని పలికిన మాట
(దోర్నకల్ బిషప్పు అజరయ్య గారి జీవితము)

ధ్యానమునకు వాక్యభాగములు: 1 కొరింథీయులకు 9:16–23, అపొస్తలుల కార్యములు 4:1–22, మార్కు 5:18–20.



మన సంఘములలో పాట పాడుమనగా వెనుదీయువారు తక్కువ. ప్రార్థన చేయుమనగా చేయువారు అనేకులు. కాని పొరుగువాని అరుగుమీద కూర్చుండి, ప్రభువు నాకు చేసిన మేలు ఇది అని ఒక్క మాట చెప్పవలసి వచ్చునప్పుడు మన నోరు మూతపడును. నాకు చదువు లేదని ఒకరు, ఎదుటివాడు ప్రశ్న వేసినయెడల ఏమి చెప్పుదునని ఒకరు, కూలికి పిలుచు ఆసామి ఏమనుకొనునో యని ఒకరు, నలుగురు నవ్వుదురేమో యని ఒకరు జంకుదురు. చివరకు అది పాస్టరుగారి పని, మనది కాదని అందరము తప్పించుకొందుము. గుడిలోపల పెద్ద గొంతు, గుడి గడప దాటగానే గొంతే లేదు!

ఈ భయము నేటిది కాదు. మోషే తన నోటి మాంద్యమును చూపి తప్పించుకొనజూచెను. యిర్మీయా తాను బాలుడనని చెప్పుకొనెను. పేతురు చలిమంటయొద్ద ఒక పనిపిల్ల ఎదుట తన ప్రభువును ఎరుగనని బొంకెను. భయపడినవారిని దేవుడు త్రోసివేయలేదు; అయితే భయములోనే ఉండనియ్యలేదు. మన తాతల కాలములో, మన తెలుగు పల్లెలలోనే, అక్షరము రాని వేలకొలది విశ్వాసుల నోటికి ధైర్యము నేర్పిన ఒక దైవజనుడు ఉండిరి. ఆయన జీవితమును ఈ నెల జ్ఞాపకము చేసికొందము.

తల్లి ప్రార్థనకు జవాబు

వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు 1874వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన తిరునెల్వేలి సీమలోని వెల్లాలన్‌విళై అను చిన్న గ్రామమున జన్మించిరి. అది తాటిచెట్లును ఎర్రని ఇసుకయు గల నాడు. ఆయన తండ్రి థామస్ వేదనాయగం గారు వర్తకుని కుమారుడు. మిషను బడిలో చదువుకొని ప్రభువును నమ్ముకొని, తరువాత ఆ గ్రామ సంఘమునకే గురువైరి. వారిది నాడారు కులము. ఆ కాలమున ఆ ప్రాంతపు నాడారులు పై కులములవారి చేత ఎన్నో అవమానములు పొందినవారు. కనుక తల వంచుకొని నడచుట అనగానేమో అజరయ్య గారి పెద్దలకు తెలియును.

తల్లి ఎల్లెన్ గారు మగబిడ్డకొరకు చాల సంవత్సరములు కనిపెట్టినది. కుమారుడు పుట్టగా హన్నా తన కుమారునికి పెట్టిన పేరే ఆమెయు పెట్టినది. 1889లో తండ్రి చనిపోయెను. అప్పటికి బాలునికి ఇంకను పదునైదేండ్లే. ఆ తల్లి భక్తియందును క్రమశిక్షణయందును అతనిని పెంచినది. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో ఆయన చదివిరి గాని పట్టము పుచ్చుకొనలేదు. లోకము దృష్టికి అది కొదువ. దేవుడు ఆ కొదువను అడ్డముగా ఎంచలేదు.

1895లో ఆయన వై.ఎం.సి.ఏ. కార్యదర్శియై దక్షిణ దేశమంతట తిరిగి యౌవనస్థులకు వాక్యము బోధించుచుండిరి. 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని వివాహము చేసికొనిరి. దక్షిణ దేశపు క్రైస్తవ స్త్రీలలో కాలేజీ చదువు చదివిన తొలి తరమువారిలో ఆమె ఒకరు. తరువాతి కాలమున పల్లె స్త్రీలకు బోధించు పనిలో ఆమె తన భర్తకు కుడిభుజమై నిలిచినది.

సముద్రము దాటి నేర్చుకొనిన పాఠము

1902లో అజరయ్య గారు సింహళములోని యాళ్పాణమునకు వెళ్లిరి. దానినే జాఫ్నా అని కూడ అందురు. అక్కడి తమిళ క్రైస్తవులు తక్కువమంది. గొప్ప ధనవంతులు కారు. అయినను వారు తమలోనుండి సువార్తికులను ఏర్పరచి, తమ సొంత సొమ్ముతో వారిని పోషించి, సముద్రము దాటించి తమిళదేశమునకు పంపుచుండిరి. ఇది చూచి అజరయ్య గారి మనస్సు గ్రుచ్చుకొనెను. తిరునెల్వేలి సంఘము నూరేండ్లు దాటిన సంఘము. దానిలో వేలకొలది కుటుంబములు, గుళ్లు, బళ్లు, గురువులు ఉండిరి. అంత పెద్ద సంఘము తన భాష ఎల్ల దాటి ఒక్క సువార్తికునినైనను పంపలేదు. ఎవరో దొరలు వచ్చి చెప్పవలెను, మనము వినవలెను అను అలవాటులో అది నిద్రించుచుండెను.

ఆయన ప్రార్థనలో ఈ భారముతో చాల నలిగిరి. ఇంటికి వచ్చి ఊరకుండలేదు. స్నేహితులను కూర్చుకొని 1903 ఫిబ్రవరిలో పాళయంకోటలో తిరునెల్వేలి ఇండియన్ మిషనెరీ సొసైటీని స్థాపించిరి. దాని నియమము చాల తేట: మన మనుష్యులు, మన సొమ్ము, మన యాజమాన్యము. 1905 డిసెంబరు 25వ తేదీన, కేరీ గారు పనిచేసిన శ్రీరాంపూరులో, దేశమంతటి క్రైస్తవులు కలిసి నేషనల్ మిషనెరీ సొసైటీని ఏర్పరచిరి. అందులోను అజరయ్య గారు ముఖ్యులు.

ఇప్పుడు ఈ సొసైటీవారు సువార్తికులను ఎక్కడికి పంపవలెనని వెదకగా, నైజాము రాజ్యములోని దోర్నకల్ ప్రాంతము వారి కండ్లబడెను. అది నేడు తెలంగాణలోని మహబూబాబాదు జిల్లాలో ఉన్నది. రైలు స్టేషను ఉండెను గాని చుట్టుప్రక్కల పల్లెలలో సువార్త చెప్పువారు లేకుండిరి. అక్కడి భాష తెలుగు, తమిళులకు పరభాష. అయినను వారు 1904లో అక్కడ పని ప్రారంభించిరి.

ఇతరులను పొమ్మన్నవాడు తానే పోయెను

అజరయ్య గారు ఊరూర సభలు పెట్టి, యౌవనస్థులారా లేచి వెళ్లుడని పిలుచుచుండిరి. అలాగు పిలుచుచుండగా ఆయన మనస్సాక్షియే ఆయనను ప్రశ్నింపసాగెను. ఇతరులను పొమ్మనుచు నీవేల పోవు? ఈ ప్రశ్నకు ఆయనయొద్ద జవాబు లేదు. వై.ఎం.సి.ఏ.లో మంచి ఉద్యోగము, పెద్దల స్నేహము, దేశదేశముల పరిచయము ఉండెను. 1907లో జపానులోని టోక్యోలో జరిగిన ప్రపంచ విద్యార్థి క్రైస్తవ మహాసభకు కూడ ఆయన వెళ్లివచ్చిరి. అట్టివారు ఆ పదవిని విడిచి, 1909లో గురువుగా అభిషేకము పొంది, భార్యాబిడ్డలతో దోర్నకల్ చేరిరి.

ప్రియులారా, ఇక్కడ కొంచెము ఆగి తలపోయుడి. ఆయనకు అప్పటికి ముప్పది యైదేండ్లు. ఇంగ్లీషులోను తమిళములోను వేదికలమీద ధారాళముగా మాటలాడిన మనిషి. ఆ వయస్సున మరల అ ఆ లు దిద్దవలసి వచ్చెను. క్రొత్త భాష నేర్చుకొనువాడు ఎవడైనను మొదట తడబడవలసినదే, పిల్లలు నవ్వినను ఓర్చుకొనవలసినదే. మాటలు చక్కగా వచ్చిన తరువాత చెప్పుదునని ఆయన కూర్చుండలేదు. చెప్పుచు నేర్చుకొనిరి, నేర్చుకొనుచు చెప్పిరి. మాకు మాటలు రావు అని చెప్పుకొను మనకు ఇందులో పాఠము లేదా?

మేలు చేసినవారి ఎదుట సత్యము పలుకుట

మరుసటి సంవత్సరము, అనగా 1910లో, స్కాట్లాండు దేశమందలి ఎడిన్‌బరో పట్టణములో ప్రపంచ మిషనెరీ మహాసభ జరిగెను. సుమారు 1,200 మంది ప్రతినిధులు కూడిరి. వారిలో ఆసియా దేశపు సంఘములవారు ఇరువదిమందికి లోపే. జూన్ 20వ తేదీ సాయంకాలమున అజరయ్య గారిని మాటలాడుటకు పిలిచిరి.

ఆయన ఎదుట కూర్చున్నవారు ఎవరు? మన దేశమునకు సువార్త తెచ్చినవారు, బళ్లు ఆసుపత్రులు కట్టించినవారు, జీతములిచ్చువారు. మెచ్చుకోలు మాటలు నాలుగు చెప్పి దిగివచ్చినయెడల అందరును చప్పట్లు కొట్టియుందురు. కాని ఆయన మిషనెరీల త్యాగమును కృతజ్ఞతతో ఒప్పుకొని, దాని వెంటనే ఒక కొదువను చెప్పిరి. తెల్లవారికిని భారతీయ సేవకులకును నడుమ యజమాని, పనివాడు అను ఎడము ఉన్నదనియు, ఆ ఎడము పోయి స్నేహము రావలెననియు వేడుకొనిరి. సభలో కొందరికి ఆ మాటలు రుచింపలేదు. అక్కడనే కలవరము కలిగెను. కాని తరువాతి తరములవారు ఆ సభను తలంచినప్పుడెల్ల ఆ ప్రసంగమునే ముందుగా తలంచుచున్నారు.

ఆయన కోపముతో పలుకలేదు, భయముతో మింగలేదు. ప్రేమతో సత్యము చెప్పిరి. తనకు అన్నము పెట్టువారి ఎదుట సత్యము పలుకగలవాడు, తనకు కీడు చేయగలవారి ఎదుట తన ప్రభువును ఒప్పుకొనుటకు జంకడు.

1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలోని సెయింట్ పాల్స్ కతీడ్రలులో అజరయ్య గారు దోర్నకల్ బిషప్పుగా అభిషేకింపబడిరి. ఆంగ్లికను సంఘములో బిషప్పైన మొదటి భారతీయుడు ఆయనే. భారతీయుని క్రింద పనిచేయుట ఎట్లని తెల్లవారిలో కొందరు సందేహించిరి. మనవారిలోను కొందరు సణిగిరి. ఆయన వాదించలేదు, పనిలో పడిరి. మొదట చిన్నదిగానున్న ఆ అధ్యక్షమండలము 1920 తరువాత కృష్ణా తీరపు సంఘములను, రాయలసీమలోని సంఘములను కూడ కలుపుకొని చాల పెద్దదాయెను.

పల్లెవారి భయము

ఎద్దుబండిమీదను, సైకిలుమీదను, కాలినడకను ఆయన పల్లెపల్లె తిరిగిరి. సంఘస్థులలో ఎక్కువమంది మాల మాదిగ పల్లెలవారు. వారి భయము ఎట్టిదో మనము ఎరుగుదుము. తెలంగాణములో దొరలకు వెట్టి చేయవలెను. పటేలు పిలిచినప్పుడు పరుగెత్తవలెను. కోస్తాలో కామందు క్రింద పాలేరుతనము. ఊరి బావి దగ్గరకు రానియ్యరు. ఊరిలోనికి వెళ్లినప్పుడు చెప్పులు చేతబట్టుకొనవలెను. తమ ఇంటి సంగతియే తలయెత్తి చెప్పలేని మనుష్యుడు దేవుని సంగతి ఊరివారికి ఎట్లు చెప్పును?

చదువుకొనిన ఉపదేశకులను జీతమిచ్చి పెట్టి, వారే చెప్పుదురు, మీరు ఊరకుండుడని ఆ సంఘస్థులతో చెప్పియుండవచ్చును. అది తేలిక. అజరయ్య గారు అది చేయలేదు. బాప్తిస్మము పొందిన ప్రతివాడును సాక్షియే అని ఆయన నమ్మిరి. సువార్త చెప్పుట సంఘమునకు అలంకారము కాదు, ఊపిరి అని ఆయన భావము. ఊపిరి పాస్టరుగారొక్కరే పీల్చిన చాలునా?

అందుచేత ఆయన ఒక పద్ధతి పెట్టిరి. బాప్తిస్మము పొందినవారు తమ చెయ్యి తమ తలమీదనే పెట్టుకొనవలెను. 1 కొరింథీయులకు 9:16లో పౌలు తన్ను గురించి పలికిన మాటను తమ మాటగా పలుకవలెను. సువార్త ప్రకటింపకపోయినయెడల తనకు శ్రమయని అపొస్తలుడు చెప్పిన ఆ గంభీరమైన మాటను, పశువుల కాపరియు, నాట్లు వేయు స్త్రీయు, చెప్పులు కుట్టువాడును బిగ్గరగా పలికిరి. బిషప్పుగారు సంఘములను దర్శించినప్పుడు అందరిచేతను ఆ మాట మరల పలికించుచుండిరి.

తలమీద చెయ్యి పెట్టి పలికిన మాట ఎంత బరువైనదో తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. మన పల్లెలలో బిడ్డ తలమీద చెయ్యివేసి ప్రమాణము చేసినవాడు మాట తప్పుటకు వణకును. ఇక్కడ విశ్వాసి తన చెయ్యి తన తలమీదనే, బాప్తిస్మపు నీళ్లు పడిన ఆ తలమీదనే పెట్టుకొనెను. భస్మాసురుడు తన చెయ్యి తన తలమీద పెట్టుకొని భస్మమయ్యెనని ఊరివారు కథ చెప్పుదురు. ఇక్కడ భస్మమైనది మనుష్యుడు కాదు, అతని భయము.

ఒంటరిగా కాదు, గుంపుగా

మాట పలికించి విడిచిపెట్టినయెడల మాట గాలిలో పోవును. ఆయన దానికి దారి కూడ వేసిరి. సంవత్సరమునకు ఒకసారి సాక్ష్యపు వారము ఏర్పరచిరి. ఆ దినములలో పాస్టర్లు, ఉపదేశకులు మాత్రమే కాక సంఘస్థులందరును బయలుదేరి చుట్టుప్రక్కల పల్లెలకును, ఊరిలోని కులస్థుల వీధులకును వెళ్లిరి. పాటలు పాడిరి, ప్రభువు తమకు చేసినది చెప్పిరి. ఒంటరిగా ఊరి నడిబజారులో నిలువలేనివాడు పదిమందితో కలిసి నిలువగలిగెను. ప్రసంగము రానివాడు పాట పాడెను. పాట రానివాడు తాళము వేసెను. ప్రభువు డెబ్బదిమందిని ఇద్దరిద్దరినిగా పంపెనని లూకా 10వ అధ్యాయములో చదువుదుము. ఒంటరివాని భయము ఇద్దరిలో సగమగును.

చదువురాని వారికి వాక్యము నోటికి రావలెను గదా. అందుకొరకు ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణము కంఠస్థము చేయించిరి. వేదకథలను పాటలుగా నేర్పిరి. తెలుగు కీర్తనలు, భజనలు, మన వాద్యములు గుడిలోనికి రావలెనని బిషప్పుగారి కోరిక. దోర్నకల్‌లో తర్ఫీదు పొందు ఉపదేశకులు వేదపాఠములతోపాటు చేతిపనులును నేర్చుకొనిరి. వారి భార్యలకును బోధన ఉండెను. పల్లెలో ఆడవారి చెవిని చేరవలెనంటే ఆడవారి నోరే కావలెనని ఆ దంపతులకు తెలియును.

నోటికి ముందు నడత

నోరు ఒక్కటి తెరచిన చాలదని అజరయ్య గారు ఎరుగుదురు. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగు దయ్యములతో తాను పోరాడుచున్నానని ఆయన చెప్పుచుండిరి. సాయంకాలము కల్లుపాకలో తూలినవాడు ఉదయము క్రీస్తును గురించి చెప్పినయెడల ఎవరు విందురు? కావున సంఘములలో త్రాగుడు మానుమని, ఇల్లు వాకిలి శుభ్రముగా ఉంచుకొనుమని, పిల్లలను బడికి పంపుమని, చచ్చిన పశువు మాంసము తినకుడని, జగడములు మానుమని ఎడతెగక బోధించిరి.

దీని ఫలమేమి? పొలము గట్టున నిలువబడి చూచుచున్న ఆసాములు మార్పును కనిపెట్టిరి. నిన్నటివరకు త్రాగి భార్యను కొట్టినవాడు నేడు కొట్టుటలేదు. అబద్ధమాడినవాడు నిజము చెప్పుచున్నాడు. ఇది ఏమని వారే అడిగిరి. అప్పుడు ఆ బీద విశ్వాసి తలమీద చెయ్యి పెట్టుకొని పలికిన మాటను జ్ఞాపకము చేసికొని నోరు తెరచెను. 1920 నుండి 1940 వరకు గల కాలములో ఇతర కులములవారు కూడ వేలసంఖ్యలో ఆ ప్రాంతపు సంఘములలో చేరిరి. ఎందుకు చేరితిరని అడిగినప్పుడు, గొప్ప ప్రసంగములను కాక, మాల మాదిగ క్రైస్తవుల జీవితములో వచ్చిన మార్పునే వారు కారణముగా చూపిరి. 1933లో ప్రచురింపబడిన పికెట్ గారి పరిశోధన గ్రంథము కూడ దీనికి సాక్ష్యమిచ్చుచున్నది.

నయమాను ఇంటిలో చెరపట్టబడిన చిన్నది ఉండెను. ఆమెకు పేరు లేదు, స్వాతంత్ర్యము లేదు, వయస్సు లేదు. అయినను తన యజమానురాలితో ఒక్క మాట చెప్పెను. ఆ మాటచేత సిరియా సైన్యాధిపతి యొర్దాను నదికి నడచెను. మన పల్లెలలోను అదే జరిగెను. క్రిందనున్నవారి నోటినుండి పైనున్నవారు సువార్త వినిరి.

సాత్వికమైన ధైర్యము

ధైర్యమనగా పోట్లాట కాదు. 1935లో అంబేద్కరు గారు తాను హిందువుగా చావనని యేవలాలో ప్రకటించిన తరువాత దేశమంతట మతమార్పిడిని గురించి గొప్ప వివాదము లేచెను. అణగారినవారు తిండికొరకో జీతముకొరకో మతము మారుచున్నారని కొందరు పెద్దలు నిందించిరి. అజరయ్య గారు దీనికి తలవంచలేదు. బీదవానికిని మనస్సాక్షి ఉన్నది, తన ఆత్మ సంగతి తాను తేల్చుకొను హక్కు అతనికిని ఉన్నది అని నిలిచి చెప్పిరి. అయితే ఆశ చూపి ఎవరినైనను చేర్చుకొనుట సంఘమునకు తగదని కూడ అంతే గట్టిగా నమ్మిరి.

శాసనసభలలో క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు ఇచ్చెదమని ప్రభుత్వమువారు ఏర్పాటు చేసినప్పుడు ఆయన దానిని వ్యతిరేకించిరి. ఎందుకనగా, అట్లు చేసినయెడల సంఘము ఒక రాజకీయ కులమువలె గోడ కట్టుకొని లోపల కూర్చుండును. పొరుగువాడు మనలను తన అన్నదమ్ములుగా గాక పోటీదారులుగా చూచును. సాక్ష్యమునకు ద్వారము మూయబడును అని ఆయన భయము. గోడచాటున భద్రముగా ఉండుట కంటె పొరుగువాని నడుమ ఉప్పువలె కరిగిపోవుట మేలని ఆయన ఎంచిరి. మన సాక్ష్యము పొరుగువాని దేవతలను తిట్టుట కాదు, మన ప్రభువును చూపుట. 1 పేతురు 3:15లో అపొస్తలుడు సాత్వికముతో సమాధానము చెప్పుమనుచున్నాడు.

1939 జనవరి 6వ తేదీన దోర్నకల్‌లో ఎపిఫనీ కతీడ్రలు ప్రతిష్ఠింపబడెను. గుమ్మటములు, రాతి స్తంభములు, కమలములతో అది మన దేశపు కట్టడములవలె కనబడును. ఆరు సంవత్సరముల తరువాత, 1945 జనవరి 1వ తేదీన, అజరయ్య గారు అదే దోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించిరి. ఆ నాటికి ఆయన అధ్యక్షమండలములో 2 లక్షలకు పైగా క్రైస్తవులుండిరి. ఆయన ఎన్నో ఏండ్లు ప్రయాసపడిన సంఘైక్యము, 1947 సెప్టెంబరు 27వ తేదీన దక్షిణ ఇండియా సంఘము ఏర్పడుటతో నెరవేరెను. మోషేవలె ఆయన దానిని దూరమునుండి చూచి వెళ్లిరి.

మనకు నేర్పునది

ప్రియ సహోదర సహోదరీలారా, ఈ జీవితమునుండి నాలుగు సంగతులు మనస్సులో ఉంచుకొందము.

మొదటిది: చెప్పవలసినది నీయొద్దనే ఉన్నది. యోహాను 9వ అధ్యాయములోని గ్రుడ్డివాడు పరిసయ్యుల ప్రశ్నలన్నిటికి జవాబు చెప్పలేకపోయెను. తాను గ్రుడ్డివాడనై యుండి ఇప్పుడు చూచుచున్నానని మాత్రము చెప్పెను. అది ఎవరును కొట్టివేయలేకపోయిరి. తెలియని ప్రశ్న ఎదురైనప్పుడు, నాకు తెలియదు, అడిగి చెప్పెదనని అనుట సిగ్గు కాదు.

రెండవది: నీ ఇంటనే మొదలుపెట్టుము. సేన దయ్యము వదలినవానిని ప్రభువు తనవెంట రానియ్యక, తన ఇంటివారియొద్దకే పంపెను. దూరదేశము పోనక్కరలేదు. మన గట్టు ప్రక్క గట్టువాడు, మన బావి దగ్గర నీళ్లు తోడు స్త్రీ, వీరే మన దేశము.

మూడవది: ఒంటరిగా పోకుము. జంకువానికి ధైర్యము గల ఒకరిని తోడిమ్ము. సంఘము కలిసి నడచినప్పుడు బలహీనుడును నిలుచును.

నాలుగవది: నడత తోడు లేని మాట వట్టి డప్పు మ్రోత. అయితే నడత చాలును, మాట అక్కరలేదని తప్పించుకొనవద్దు. దీపము వెలుగుచుండగా, ఈ నూనె పోసినది ఎవరని అడుగువానికి జవాబు చెప్పవలెను గదా.

ఈ నెలలో ప్రతి కుటుంబము ఒక పొరుగువాని పేరు ఏర్పరచుకొని, దినదినము ఆ పేరెత్తి ప్రార్థింపవలెనని కోరుచున్నాను. నెల తిరుగులోగా, పిండివంట ఇచ్చిపుచ్చుకొను సమయముననో, కోతకు పోవు దారిలోనో, ప్రభువు మీకు చేసిన ఒక్క మేలును అతనితో చెప్పుడి. వాదించకుడి, తొందరపెట్టకుడి. చెప్పి, మిగిలినది దేవునికి విడువుడి. సంఘపు కూటములో కూడినప్పుడు అందరమును ఒకసారి మన చెయ్యి మన తలమీద పెట్టుకొందము. బాప్తిస్మపు నీళ్లు ఆరిపోయినను ఆ మాట ఆరిపోలేదు.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, పేతురువలె జంకిన మా నోళ్లను క్షమించుము. నీ దాసుడైన అజరయ్య గారినిబట్టియు, ఆయన కాలమున మా పల్లెలలో నోరు తెరచిన పేరు తెలియని మా పెద్దలనుబట్టియు నిన్ను స్తుతించుచున్నాము. మా నడతను కడుగుము, మా నాలుకను తాకుము, మా పొరుగువారిని ప్రేమించు హృదయమును మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.